ఒక పూట ఇన్సులిన్ మానేస్తే ఏమవుతుందిలే అనుకున్నా!

ఈరోజు నా కథే చెప్తాను.

బీటెక్ రెండో ఏడాదిలో, 19 ఏళ్ళకి నాకు షుగర్ అని తేలింది. "అంత స్వీట్లు తిన్నావా?" అని చుట్టాలందరూ అడిగేవాళ్ళు. నాది టైప్ 1. ఒంట్లో ఉన్న రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. దానికీ మైసూర్‌పాక్‌కీ సంబంధం లేదు. రోజూ బయటి నుంచి ఇన్సులిన్ తీసుకోవాల్సిందే.

ఇదంతా నాకు తెలుసు. పరీక్ష పెడితే వందకి వంద రాసేవాణ్ణి. కానీ లోపల ఇంకో నమ్మకం ఉండేది: "ఎక్కువ వేసుకుంటే ఒంటికి అలవాటైపోతుంది." దానికి తోడు నాది ఏ పనైనా రేపు చూద్దాంలే అనే స్వభావం. ఉద్యోగంలో చేరాక క్యాంటీన్‌లో అందరి ముందు ఇన్సులిన్ పెన్ తీయాలంటే సిగ్గు. ఒక రిలీజ్ వారంలో వరసగా డోసులు ఎగ్గొట్టాను. వాంతులు, ఆయాసం. కీటోఅసిడోసిస్ అన్నారు. ఐసీయూలో కళ్ళు తెరిస్తే పక్కన అమ్మ. ఒక్క మాట కూడా తిట్టలేదు. అదే తట్టుకోలేకపోయాను.

తర్వాత క్లినిక్‌లో ఒక ఇంటర్ కుర్రాడు పరిచయమయ్యాడు. నాకు పూర్తి రివర్స్. ప్రతి రీడింగూ నోట్‌బుక్‌లో రాస్తాడు. కానీ ఒక్కసారి 220 కనిపిస్తే ఆ రాత్రి నిద్రపోడు. "ఎంత చేసినా ఇంతే అన్నా, నా వల్ల కాదు" అనేవాడు.

టైప్ 1 ఉన్న యువత మీద చేసిన పరిశోధనల్లోనూ ఇదే కనిపిస్తుంది. పద్ధతిగా ఉండే స్వభావం మేలు చేస్తుంది. "నేను చేస్తున్నది పనిచేస్తుంది" అని నమ్మేవాళ్ళు తిండి విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు.

స్వభావం రాత్రికి రాత్రి మారదు. నమ్మకాన్ని మాత్రం డాక్టర్ ముందు పెట్టి అడగొచ్చు. నేను అడిగితే ఆయన నవ్వి, "అన్నం కూడా ఒంటికి అలవాటైందని మానేస్తావా బాబూ?" అన్నారు. ఇప్పుడు నా పెన్ టూత్‌బ్రష్ పక్కనే ఉంటుంది, ఫోన్‌లో అలారం మోగుతుంది. లంచ్‌లో ఒక టీమ్‌మేట్‌కి విషయం చెప్పేశాను. ఆ కుర్రాడికేమో, ఎక్కువ వస్తే సరిచేసుకో, కానీ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూసుకో అన్నారు. ఒక్క బంతి కాదు, ఇన్నింగ్స్ చూడాలి కదా.

మీ ఫ్రెండ్‌కి షుగర్ ఉంటే "వేసుకున్నావా?" అని గద్దించకండి. "దీని గురించి నువ్వేమనుకుంటున్నావ్?" అని ఒక్కసారి అడగండి. నన్ను అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఉంటాను మరి. డోస్ టైమైతే వీడియో ఆపి వేసుకోండి!