పెడలు తొక్కడానికి ఒక మనిషి

ఇవాళ పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, ఎండ ముదరకముందే అసలు మాటకొస్తాను.

1996లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్రీమియర్ పద్మినిని తుక్కు కింద కాటా వేయించి కొన్నాను. ఆర్‌సీ కాగితం సరిగ్గా ఉంది, అది చాలనుకున్నాను. ఫ్లోరు తుప్పుపట్టి, డ్రైవరు సీటు కింద నేల కనిపించేది. 1089 సీసీ ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గు రంధ్రాల్లోంచి డీజిల్ పోసి పది రోజులు నానబెట్టాను. ఒక ఆదివారం పొద్దున క్రాంకు చేతికి కదిలింది. అప్పటి సంతోషం తర్వాత కొన్న ఏ కొత్త కారుతోనూ కలగలేదు. కొత్త కారుకు తాళం ఇస్తారు, అంతే. తుక్కు కారు తన కడుపులో సంగతంతా చెబుతుంది. నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో, పెట్రోలు ఎక్కడ ఆగిందో, ఏ నట్టు ఎంత బిగించాలో నాకు అదే నేర్పింది.

ఇక నా దిగులు. నిన్న మీ వర్క్‌షాపు చూశాను. పాత మారుతి 800ను విప్పి బగ్గీ చేస్తున్నారు. ముచ్చటేసింది. వంగి చూస్తే వెనక చక్రం లోపలివైపు తడి. అది నీళ్లు కాదురా నాన్నా, బ్రేక్ ఆయిల్! రంగుకు డబ్బులున్నాయి గానీ వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పుకు లేవా?

నేనూ నా పద్మినితో అదే చేశాను, బ్రేకుల సంగతి చూడలేదు. ఇంజను మోగగానే బండిని రోడ్డెక్కించాను. మొదటి మలుపులోనే పెడలు నేలకంటింది. హ్యాండ్‌బ్రేకు లాగి ఇసుక కుప్పలోకి తోలాను. అవతల బడిపిల్లలు రోడ్డు దాటుతున్నారు. వాళ్ల నీలం నిక్కర్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

వారం రోజులు ఇంజను ముట్టలేదు. నాలుగు డ్రమ్ములూ విప్పి షూలు, కప్పులు, పైపులు మార్చాను. లైనులో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా ఆవిడ పెడలు తొక్కిపడితే, నేను చక్రం పక్కన పడుకుని నిపుల్ కాస్త వదులు చేసేవాణ్ణి. సన్న గొట్టంలోంచి సీసాలోకి బుడగలు వచ్చేవి. మళ్లీ బిగించి, "వదులు" అనేవాణ్ణి. బుడగ కనిపించనిదాకా ఒక్కో చక్రానికీ అదే పని. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. మా పద్మిని ఇంకా తిరుగుతోంది.

రూపం మార్చిన బండి రోడ్డెక్కడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మీ బగ్గీని ప్రాంగణంలోనే నడపండి. కానీ ఇవాళ పట్టాలు తీసుకున్నాక ఆ చక్రాలు విప్పండి. పెడలు తొక్కడానికి మనిషి కావాలంటే, సాయంత్రందాకా నేనిక్కడే ఉంటాను.