తాళం ఉత్తరానికే, కవరుకు కాదు
(బెంటన్‌విల్‌లో మన సంక్షేమ వేదిక సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



వాట్సాప్ గురించి మాట్లాడమన్నారు. పొద్దున లేవగానే అమ్మకు వీడియో కాల్, ఆఫీసుకు కార్‌పూల్ గ్రూపు, రాత్రికి రూమ్మేట్లతో కిరాయి లెక్క, అన్నీ దాంట్లోనే. మన దగ్గర పైసా తీసుకోని ఈ సేవ ఇంకేం తీసుకుంటోంది? దాన్ని ఏం చేస్తోంది? ఇదీ ఈ పూట విషయం.

మనం ఉన్న ఊరి కథతోనే మొదలుపెడతాను. 2004లో ఫ్రాన్సెస్ తుపాను ఫ్లోరిడా మీదికి వస్తోంది. అంతకు కొన్ని వారాల ముందే చార్లీ తుపాను వచ్చి పోయింది. ఇక్కడ వాల్‌మార్ట్ హెడ్డాఫీసులో అప్పటి అమ్మకాల లెక్కలు తీసి చూశారు. తుపానుకు ముందు స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్స్ మామూలుకంటే 7 రెట్లు అమ్ముడుపోతాయని తేలింది. వెంటనే లారీలు కదిలాయి. అప్పట్లో న్యూయార్క్ టైమ్స్‌లోనే వచ్చిన సంగతి ఇది. ఒక్క మనిషినీ మనసులో ఏముందని అడగలేదు. బిల్లులు చూశారు, సరిపోయింది. మనలో చాలామందికి అన్నం పెడుతున్నది ఇలాంటి లెక్కలే కాబట్టి, ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మెసేజీలన్నిటికీ తాళం ఉంది. మీ ఫోన్లో వేసిన తాళం అవతలివాళ్ళ ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. ఇది నిజం, మంచిదే. కానీ ఆ తాళం ఉత్తరానికే. కవరు మీద రాసింది పైకి కనిపిస్తూనే ఉంటుంది. మీ నంబరు, ఫోన్ రకం, ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చారు, దాన్నిబట్టి సుమారుగా ఏ ఊళ్ళో ఉన్నారు, ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారు, ఏయే గ్రూపుల్లో ఉన్నారు, మీరు అనుమతిస్తే ఫోన్లో ఉన్న నంబర్లన్నీ. దీన్నే మెటాడేటా అంటారు. ఇది మన బిల్లు లాంటిది. ఇమ్మిగ్రేషన్ సలహాల గ్రూపులో చేరారంటే, అందులో ఒక్క ముక్క రాయకపోయినా మీ అవసరం ఏమిటో ఊహించవచ్చు కదా!

2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను కొన్నది. రెండు చోట్లా ఉన్న ఖాతాలను నమ్మకంగా జతపరచడం కుదరదని అప్పుడు యూరప్ అధికారులకు చెప్పింది. 2016లో షరతులు మార్చి, ఆ పనికి దారి వేసుకుంది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 2017లో యూరోపియన్ కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2016లో అప్పటికే వాడుతున్నవాళ్ళకు కాదనడానికి 30 రోజుల గడువు ఇచ్చారు. 2021లో మన దేశంలో అదీ లేదు, ఒప్పుకో లేదా మానుకో అన్నట్టు పెట్టారు. దాని మీద 2024 నవంబరులో భారత పోటీ కమిషన్ మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఏడాది తర్వాత అప్పీలులోనూ ఆ జరిమానా నిలిచింది. ఇక్కడ అమెరికాలోనైతే వ్యక్తిగత సమాచారానికి దేశమంతటికీ వర్తించే సమగ్ర చట్టమే లేదు. కాబట్టి మన జాగ్రత్త మనదే.

నాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాను. ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద ఉన్నాడు. రెండు నెలలుగా జీతం లేదు. రెండొందల మంది ఉన్న గ్రూపులో, “మావాళ్ళు బెంచి జీతం ఇవ్వట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?” అని రాశాడు. గంట తిరక్కుండానే యజమాని ఫోన్ చేశాడు, “గ్రూపుల్లో ఏమిటి రాతలు?” అని. తాళం ఎవరూ పగలగొట్టలేదు. రెండొందల మందిలో ఒకరు స్క్రీన్‌షాట్ తీశారు, అంతే. ఆ పిల్లవాడు భయపడి మెసేజీలన్నీ చెరిపేశాడు. వాటితోపాటే, జీతం తర్వాత ఇస్తామని యజమాని రాసిన మాటలూ పోయాయి. అసలు నష్టం అక్కడ జరిగింది.

చట్టం ఏమంటుందో వినండి. పని చూపించలేక యజమానే కూర్చోబెడితే, హెచ్‌-1బి ఉద్యోగికి ఆ రోజులకూ జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే 12 నెలల్లోపు లేబర్ డిపార్ట్‌మెంటుకు డబ్ల్యూహెచ్‌-4 ఫారంలో ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు చేశాడని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. అప్పుడు మీకు అక్కరకొచ్చేది ఆ మెసేజీలే. యజమానితో మాట్లాడే చాట్‌లో మాయమయ్యే మెసేజీల సెట్టింగ్ పెట్టకండి. ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి కాపీ దాచుకోండి.

ఇంటికెళ్ళి ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, బ్యాకప్. గూగుల్‌లోకో ఐక్లౌడ్‌లోకో పోయే కాపీకి ఆ తాళం దానంతటదే పడదు. 2021 నుంచి ఆ సదుపాయం ఉంది, మనమే ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం ఎవరూ తెరవలేరు, ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

రెండోది, లింక్‌డ్ డివైసెస్ తెరిచి చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ ఉంటే తీసేయండి. ఆ యంత్రం మీది కాదు.

మూడోది, టూ-స్టెప్ పిన్ పెట్టుకోండి. ఆరంకెల కోడ్ అడిగితే సొంత బావమరిదికైనా చెప్పకండి. అడిగేది ఆయనేనని నమ్మకం ఏమిటి?

నాలుగోది, మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో సెట్టింగ్స్‌లో “మై కాంటాక్ట్స్”కు మార్చండి. పాస్‌పోర్టు, వీసా కాగితాల ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టకండి. అడిగినవాళ్ళు ఎంత తెలిసినవాళ్ళైనా సరే.

మీ గురించి కంపెనీ దగ్గర ఏముందో చూడాలనుంటే, అకౌంట్ సెట్టింగ్స్‌లో “రిక్వెస్ట్ అకౌంట్ ఇన్ఫో” నొక్కండి. మూడు రోజులు అటూ ఇటూగా రిపోర్టు వస్తుంది. అందులో మెసేజీలు ఉండవు, కవరు మీది సమాచారంలో కొంత కనిపిస్తుంది. ఒక్కసారి చూస్తే నా మాటలకంటే బాగా అర్థమవుతుంది.

వాట్సాప్ మానేయమని నేను చెప్పను. ఊళ్ళో అమ్మ ముఖం చూపించేది అదే. పెట్టె మాత్రం మనది కాదని గుర్తుపెట్టుకుందాం. కష్టం వస్తే గ్రూపులో రాసేముందు మన వేదికలో ఒకరికి ఫోన్ చేయండి. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

సెలవు.