ఫోను మాట వినెడి వేడినీటి తొట్టి

గాలితో ఉబ్బించి, నీరు నింపి, వేడిమిని ఫోనులోని యాప్‌చేత శాసింపదగిన స్నానపుతొట్టి నేడు లభించుచున్నది. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరులలో కాపురమున్న మీ బిడ్డలు మేడపై దానిని పెట్టదలచినచో ఈ లెక్క వినిపింపుడు.

800 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావలెను. 2 కిలోవాట్ల హీటరు 7 గంటలకు తక్కువ గాకుండ పనిచేయవలెను. ఫోను దూరమునుండి మీట నొక్కగలదు గాని ఈ ఖర్చును తగ్గింపజాలదు. తొట్టిపై మూత కొంత తగ్గించును.

నీటి బరువే 800 కిలోలు. కప్పు మోయునో లేదో ఇంజనీరును అడుగవలెను. కృష్ణాజలము నాగార్జునసాగరమునుండి పంపులతో ఎక్కివచ్చి ఎల్.బి.నగరు చెంతనున్న సాహెబ్‌నగరు చేరుచున్నది. అట్టి నీటిని ఒక్కనాటి వేడుకకై పారబోయుట తగదు.

కావున కొనుటకు ముందే కప్పు, కరెంటు, నీరు మూడింటిని విచారింపుడని మనవి.