ఆటిజం పిల్లలకు సూదుల వైద్యం: చేయించవచ్చా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల డాక్టరునని మనవాళ్లే నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా మనవడికి ఆటిజం అన్నారు. ఆక్యుపంక్చర్ చేయిస్తే మాటలొస్తాయట. చేయించమంటావా?" దానికి ఇవాళ అందరి ముందూ జవాబు చెబుతాను.

ఆటిజం జ్వరంలా వచ్చి పోయేది కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. మాట, చూపు, నలుగురితో కలవడం, శబ్దాన్నీ స్పర్శనూ తట్టుకోవడం వేరుగా ఉంటాయి. తల్లి పెంపకానికి దీనితో సంబంధం లేదు.

ఆక్యుపంక్చర్ చైనా సంప్రదాయ వైద్యం. శరీరంలో నిర్ణీత స్థానాల్లో సన్నటి సూదులు గుచ్చుతారు. హాంకాంగ్‌లో ఆటిజం పిల్లలకు నాలుక మీద కూడా గుచ్చి చూశారు. హాంకాంగ్, చైనా, ఈజిప్టులలో 390 మంది పిల్లలపై జరిగిన 10 అధ్యయనాలను 2011లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. ఉత్తుత్తి సూదులతో పోల్చినప్పుడు ఆటిజం మూల లక్షణాల్లో తేడా కనిపించలేదు. మాట, గ్రహింపు వంటి కొన్ని అంశాల్లో కాస్త మెరుగుదల కనిపించినా, దాన్ని నమ్మి సిఫారసు చేసేంత ఆధారం లేదని తేల్చారు. రక్తం రావడం, భయంతో ఏడవడం, నిద్ర చెడడం వంటి ఇబ్బందులూ నమోదయ్యాయి.

"మరి ఫలానా బాబుకి ఆరు నెలల్లో మాటలొచ్చాయే?" అంటారు. ఆ ఆరు నెలల్లో బాబు వయసు పెరిగింది, స్పీచ్ థెరపీ జరిగింది, ఇంట్లో అమ్మ కూర్చోబెట్టి మాట్లాడించింది. ఏది పనిచేసిందో ఒక్క బిడ్డను చూసి చెప్పలేం.

అనుబంధ చికిత్స అంటే ఉన్నదానికి తోడు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మాన్పించి సూదులకు తిప్పితే, చిన్నతనంలో నేర్పాల్సిన కాలం చేజారిపోతుంది. చేయించాలనే అనుకుంటే ముందు మీ డాక్టరుకు చెప్పండి. అర్హత ఉన్నవారేనా, ప్రతిసారీ కొత్త సూదులేనా చూడండి. ఎన్నాళ్లు చూసి ఆపాలో ముందే అనుకోండి. ముట్టుకుంటేనే ఉలిక్కిపడే బిడ్డ నొప్పిని నోటితో చెప్పలేకపోవచ్చు. వాడి ముఖం చూసి మీరే తెలుసుకోవాలి. పూర్తిగా నయం చేస్తామని మాటిచ్చే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఇక గురువులకు ఒక విన్నపం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఈ పిల్లలకు బడిలో చోటు హక్కు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ టీచర్లకు శిక్షణ ఇస్తోంది. మన బడి నుంచి ఇద్దరు టీచర్లను పంపితే, ఖర్చు మన సంఘం భరించాలని ప్రతిపాదిస్తున్నాను. గంట మోగితే చెవులు మూసుకునే పిల్లవాడిని ఎందుకని అర్థం చేసుకునే టీచరు ఉంటే, వాడు రేపు కూడా బడికొస్తాడు.