వంటిల్లు బాగు చేసుకుందాం

(చదువు కేంద్రంలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)



మొన్న బుధవారం చదువు అయిపోయాక కొందరు అక్కలు నన్ను ఆపారు. "టీచరమ్మా, మీ వంటిల్లు కొత్తగ చేసుకున్నరట గదా! ఎంతయింది? ఎట్ల చేసిన్రు? మాకు జర చెప్పరాదు" అని అడిగారు. ఒక్కరికి చెబితే మిగతావాళ్ళకు తెలియదు కదా. అందుకే ఈరోజు పాఠం పక్కన పెట్టాను. మా వంటిల్లు గురించి, బట్టలు ఉతికే చోటు గురించి చెబుతాను. మేం చేసిన తప్పులు కూడా చెబుతాను. దాచిపెట్టి లాభం లేదు.

మాది గౌలిపురా. మా ఇల్లు మీలో చాలామంది చూశారు. మా తాత కట్టించిన ఇల్లు. రెండు అర్రలు, ఒక వంటిల్లు, వెనక చిన్న వాకిలి. గోడలు రాళ్ళతో, డంగు సున్నంతో కట్టినవి. మూరెడు మందం ఉంటాయి. వంటింటి పైకప్పుకు కట్టెల పొయ్యి నాటి మసి ఇంకా ఉండేది. గ్యాసు పొయ్యి వచ్చింది గానీ దాన్ని ఒక పాత బల్ల మీద పెట్టుకున్నాం. బల్ల ఊగేది.

వెనక వాకిట్లో నల్లా ఉంది. నల్లా అంటే గోడకు లేదు. గుంటలో ఉంది. పాత బస్తీలో ఇది మీకు కొత్త కాదు. నీళ్ళు జోరుగా రావు. పైకి ఎక్కవు. అందుకని పెద్దలు నేలను తవ్వి, పైపును కిందకు దించి, గుంటలో నల్లా పెట్టుకున్నారు. ఆ గుంట పక్కనే మా ఉతికే బండ. బోళ్ళు తోమేది కూడా అక్కడే. నీళ్ళు దగ్గర ఉంటే పని తేలిక అని అట్లా పెట్టుకున్నారు. సబ్బు నీళ్ళు, అంట్ల నీళ్ళు గుంట అంచు మీద నుంచి లోపలికి జారేవి. రోజూ చూసేవాళ్ళం. ఎవ్వరం ఏమీ అనుకోలేదు. నేను టీచరు చదువు చదువుకున్నదాన్ని. పిల్లలకు శుభ్రత పాఠం చెప్పేదాన్ని. నేనూ అనుకోలేదు.

పోయిన వానాకాలంలో మా తమ్ముడికి కామెర్లు వచ్చాయి. ఇరవై రోజులు మంచం మీద ఉన్నాడు. కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి. అన్నం చూస్తే వాంతి. డాక్టరు మందు రాసే ముందు ఒక మాట అడిగారు. "మీరు తాగే నీళ్ళు ఎక్కడివి?" అన్నారు. "నల్లా నీళ్ళే సారూ" అన్నది మా అమ్మ. "నల్లా ఎక్కడుంది?" అన్నారు. "గుంటల ఉంది" అన్నది. ఆయన కలం కింద పెట్టి, ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

ఆ బొమ్మ నేను బోర్డు మీద గీస్తాను, చూడండి. ఇది గల్లీలో పెద్ద పైపు. ఇది మన ఇంటి పైపు. ఇది గుంట. నల్లా వచ్చినప్పుడు నీళ్ళు పైపులోంచి బయటికి తోసుకు వస్తాయి. అప్పుడు బయటి మురికి లోపలికి పోదు. కానీ నల్లా బంద్ అయినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు లోపలికి పీలుస్తుంది. మన పిల్లలు గొట్టం పెట్టి కొబ్బరి నీళ్ళు పీల్చరా? అట్లాగే. నల్లా నోరు గుంట నీళ్ళలో మునిగి ఉంటే, ఆ మురికి నీళ్ళు పైపులోకి పోతాయి. మర్నాడు నల్లా విప్పగానే ముందు వచ్చేవి ఆ నీళ్ళే. మన బిందెలోకి వస్తాయి. పక్కింటి బిందెలోకి కూడా పోవచ్చు.

కామెర్లు, టైఫాయిడ్, కలరా ఇట్లా నీళ్ళ దారిలో వస్తాయి. మన నగరంలోనే భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారు.

మా అమ్మ అప్పటికే చిట్టీ ఎత్తి పెట్టుకుంది. నలభై వేలు. వంటింటికి టైల్సు వేయించాలని ఆమె కోరిక. నీలం పూల టైల్సు. బోనాల లోపల పని కావాలి. మన లాల్ దర్వాజ బోనాలు అందరికన్నా చివర కదా, టైము ఉంది అనుకుంది. తమ్ముడు లేచి తిరిగినాక నేను అన్నాను, "అమ్మా, ముందు నీళ్ళ సంగతి చూద్దాం. పైసలు మిగిలితే టైల్సు." అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున తనే గుంట దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. "సరే, కాయితం తే" అన్నది.

మా అమ్మ ఈ కేంద్రంలోనే, అదిగో ఆ మూలన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. కొలత బద్ద చదవడం కూడా ఇక్కడే నేర్చింది. ఇద్దరం టేపు పట్టుకుని వంటిల్లు, వాకిలి కొలిచాం. కాగితం మీద బొమ్మ గీశాం. మంచి నీళ్ళు వచ్చే దారి నీలం గీత. మురికి నీళ్ళు పోయే దారి ఎర్ర గీత. గీశాక చూస్తే రెండు గీతలూ గుంట దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇన్నేళ్ళు కళ్ళతో చూసినా తెలియనిది కాగితం మీద ఒక్క నిమిషంలో తెలిసింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరద ఆగడానికి జలాశయాలు కట్టాలని ఆయన చెప్పారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. అవి మంచి నీళ్ళు కూడా ఇచ్చాయి. ఆయన అంతటితో ఆగలేదు. నగరానికి మురుగు కాలవల పథకం కూడా వేశారు. నగరమంతటికీ అంత పెద్ద ఇంజనీరు ఆలోచించింది, మేం మా వాకిట్లో ఆలోచించింది ఒకటే. మంచి నీళ్ళు ఎటు రావాలి, మురికి నీళ్ళు ఎటు పోవాలి.

సరే, మా ఇంటికి వద్దాం. గుంట పూడిస్తే నీళ్ళు రావు. అందుకని గుంటను ఉంచాం. చుట్టూ అడుగు ఎత్తు గట్టు కట్టించాం. లోపల సిమెంటు పూయించాం. పైన రేకు మూత. నల్లా నోరు గుంట అడుగుకు తగలకుండా కొంచెం పైకి లేపాం. పట్టుకోవడం అయిపోగానే నల్లా కట్టేసి మూత వేస్తాం. తాగే నీళ్ళు ఇప్పటికీ మసలబెట్టి చల్లార్చుకునే తాగుతాం. ఒక మాట. నల్లా పైపుకు నేరుగా మోటారు పెట్టకండి. అది గల్లీ పైపులోని నీళ్ళనూ లాగుతుంది, పగుళ్ళలో నుంచి మురికినీ లాగుతుంది. పక్కవాళ్ళకు నీళ్ళు రావు. అది తప్పు కూడా.

ఉతికే చోటును వాకిలి అవతలి మూలకు, మోరీ పక్కకు మార్చాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి. కూర్చుంటే లేవలేదు. అందుకే నిలబడి ఉతికేటట్టు రెండున్నర అడుగుల ఎత్తులో బండ వేయించాం. బండకు ముందు వైపు చిన్న అంచు పెట్టించాం. లేకపోతే నీళ్ళన్నీ చీర మీద పడతాయి.

తప్పు ఇక్కడే జరిగింది. నేల వాలు. మేస్త్రీ నేల వేశాడు. చూడటానికి నున్నగా, బాగుంది. అమ్మ ఒక చెంబు నీళ్ళు పోసింది. నీళ్ళు మోరీ వైపు పోలేదు. పక్కింటి గోడ వైపు పోయి నిలిచాయి. "ఆరిపోతది లేమ్మా" అన్నాడు మేస్త్రీ. అమ్మ ఒప్పుకోలేదు. "నేను రోజుకు యాభై చెంబులు పోస్త. ఎప్పుడు ఆరాలె?" అన్నది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి మూడు బండలు లేపి మళ్ళీ వేశారు. పది అడుగుల పొడవుకు రెండు అంగుళాలు దిగాలి. ఐదు అడుగులకు ఒక అంగుళం. మేస్త్రీ వెళ్ళే ముందు చెంబుతో నీళ్ళు పోసి చూడండి. గోళీ వేసి చూసినా తెలుస్తుంది. మర్నాడు చూద్దాం అనుకుంటే సిమెంటు గట్టిపడుతుంది, మాట కూడా గట్టిపడుతుంది.

నీళ్ళు పైపులోకి దిగే చోట నహానీ ట్రాప్ పెట్టించండి. దుకాణంలో ఈ పేరే చెప్పండి, ఇస్తారు. దానిలో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే తలుపు లాంటివి. మోరీ వాసన, బొద్దింకలు ఇంట్లోకి రావు. పైన జాలీ ఉండాలి. అన్నం మెతుకులు, నూనె జిడ్డు పైపులోకి పోతే గడ్డ కట్టి పైపు మూసుకుపోతుంది.

ఇక వంటింట్లోకి రండి. గట్టు ఎంత ఎత్తు ఉండాలి? "అందరికీ ముప్పై నాలుగు అంగుళాలు పెడతమమ్మా" అన్నాడు మేస్త్రీ. మా అమ్మ నాలుగు అడుగుల పది అంగుళాల మనిషి. ఆ ఎత్తులో గిన్నె కలపాలంటే భుజాలు లేపాలి. మీరు నిటారుగా నిలబడి మోచెయ్యి వంచండి. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు ఉంటే సుఖం. మాకు ముప్పై ఒకటి వచ్చింది. వండేది మీరు. కొలత మీదే కావాలి.

గట్టు మీద కడప బండ వేయించాం. ఆరు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు. దుకాణం బిల్లులో పదిహేను చదరపు అడుగులు అని ఉంది. అమ్మ అద్దాలు పెట్టుకుని చదివింది. "ఆరు రెండ్ల పన్నెండు. పదిహేను ఎట్లయింది?" అన్నది. "కోతలో పోయేది ఉంటది గదమ్మా" అన్నాడు దుకాణం మనిషి. "పోయిన ముక్కలు ఏవి? ఇయ్యి, నేను తీస్కపోత" అన్నది. ఆయన నవ్వి పదమూడుకు తగ్గించాడు. ఆ ముక్కలు కూడా ఇచ్చాడు. వాటితోనే పోపు డబ్బాలు పెట్టుకోను అలమరలో ఒక అర వేసుకున్నాం. ఆ బిల్లు అమ్మ దేవుడి పటం వెనక దాచుకుంది.

కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ మూడూ సున్నపు రాయి జాతివే. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవండి. లేకపోతే తెల్ల మచ్చ పడుతుంది. యాసిడ్ పోసి కడిగితే బండ నునుపు పోతుంది. మాకు మొదటి వారంలోనే నిమ్మచెక్క అంత మచ్చ పడింది. నా పనే.

గ్యాసు సంగతి మరిచిపోకండి. గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే నేల మీదే ఉంటుంది, పైకి పోదు. అందుకే గట్టు కింద బండకు తలుపులు పెట్టి మూసేస్తే ప్రమాదం. గాలి ఆడాలి. నేల దగ్గర ఒక కన్నం ఉండాలి. సిలిండరు నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. వాసన వస్తే స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరిచి బయటికి రండి. 1906 నంబరుకు ఫోను చేయండి. ఈ నంబరు మీ పుస్తకం అట్ట మీద ఇప్పుడే రాసుకోండి.

బట్టల మిషను మాకు లేదు. కానీ తర్వాత కొంటే పనికొస్తుందని ఒక కరెంటు పాయింటు పెట్టించాం. మూడు కాళ్ళ ప్లగ్గుది. ఎర్త్ తీగ ఉందో లేదో కరెంటు పనిమనిషిని అడిగి చూపించుకున్నాం. నీళ్ళు చిమ్మని ఎత్తులో పెట్టించాం. పాత ఇళ్ళలో ఎర్త్ ఉండదు. అది లేకుండా తడి చేతులతో మిషను ముట్టుకోవద్దు.

చివరికి గోడ గురించి. మా పక్కిల్లు ఒక ఖాలా వాళ్ళది. మా వాకిటి గోడే వాళ్ళ పడక అర్ర గోడ. మేం పాత చోట ఉతికినన్నాళ్ళు ఆ గోడ తడి తాగింది. అవతలి వైపు ఉప్పు పూసి పెచ్చులు రాలేవట. ఆమె ఆ చోట మంచం జరిపి పెట్టె పెట్టుకుంది. మాతో ఒక్క మాట అనలేదు. పని మొదలయ్యాక అమ్మ లోపలికి పోయి చూసి బిత్తరపోయింది. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?" అంటే, "నీకు నీళ్ళు పట్టుకునే జాగ అది ఒక్కటే కదా. ఎక్కడికి పోతావని అనుకున్నా" అన్నదట.

మేస్త్రీ ఆ గోడకు సిమెంటు పూస్తానన్నాడు. మేం వద్దన్నాం. సున్నం గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, కొన్నాళ్ళకు పూత పెళ్ళలుగా ఊడిపోతుంది. మా ముందు అర్రలో ఒకసారి అట్లాగే అయింది. మన చార్మినార్ 1591లో కట్టింది సున్నంతోనే. పాత గోడకు సున్నమే వేయాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం ఈరోజుల్లో కష్టం. అలియాబాద్‌లో ఒక ముసలాయన దొరికాడు. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంకా పచ్చిగ ఉంది బిడ్డా, ముందు ఆరనియ్యండి" అని వెళ్ళిపోయాడు.

టైల్సుకు పైసలు మిగలలేదు. పొయ్యి వెనక రెండు వరుసలకు మాత్రం వచ్చాయి. నీలం పూలవే. గోడ పూత పైసలు అమ్మ విడిగా డబ్బాలో వేస్తున్నది. ఖాలా రోజూ పొద్దున గోడ మీద చెయ్యి పెట్టి, ఎంత ఆరిందో అమ్మకు చెబుతుంది. నిన్న మోకాలి ఎత్తు దాకా ఆరిందట.

టేపు తెచ్చాను. ముందు ఎవరి వంటిల్లు కొలుద్దాం?