ఎర్ర కార్డు న్యాయమేనా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మన డోంగ్లిలో కబడ్డీ, వాలీబాల్ తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు. అయినా ఒక ఫుట్‌బాల్ ముచ్చట చెబుతాను. అది ప్రతి బడికీ పనికొస్తుంది.

2017 సెప్టెంబరు 9న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ జట్లు తలపడ్డాయి. 37వ నిమిషంలో, సిటీ ఒక గోల్ ఆధిక్యంలో ఉండగా, గాలిలో వస్తున్న బంతి కోసం లివర్‌పూల్ ఆటగాడు సాదియో మానే పరుగెత్తి కాలు పైకెత్తాడు. ఎదురొచ్చిన గోల్‌కీపర్ ఎడెర్సన్ ముఖానికి ఆ బూటు తగిలింది. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. రెఫరీ జాన్ మాస్ మానేకు ఎర్ర కార్డు చూపాడు. పదిమందితో మిగిలిన లివర్‌పూల్ 5-0తో ఓడింది.

"అతని చూపు బంతి మీదే ఉంది, కావాలని తన్నలేదు కదా" అని చాలామంది వాదించారు. ఆ మాట నిజమే. మానే క్షమాపణ కూడా చెప్పాడు. కానీ ఇక్కడ నియమం చూసేది మనసును కాదు, ప్రమాదాన్ని. అజాగ్రత్తగా ఆడితే ఫౌల్‌తో సరి. ఎదుటివాడికి ముప్పని పట్టించుకోకపోతే పసుపు కార్డు. మితిమీరిన బలంతో అతని ప్రాణం మీదికి తెస్తే ఎర్ర కార్డు. పరుగు వేగంతో బూటును ముఖం ఎత్తుకు లేపడం మూడో రకమే. అందుకే ఆ కార్డు న్యాయమేనంటాను. మూడు మ్యాచ్‌ల నిషేధం ఎక్కువన్న లివర్‌పూల్ అప్పీలు కూడా నెగ్గలేదు.

2010 ప్రపంచ కప్ ఫైనల్లో డి యాంగ్ బూటు అలోన్సో ఛాతీకి తగిలితే రెఫరీ హోవార్డ్ వెబ్ పసుపు కార్డే ఇచ్చాడు. తనకు సరిగా కనబడలేదని, అది ఎర్ర కార్డేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఎడెర్సన్ నాలుగు రోజులకే తలకు రక్షణ కట్టుకుని మళ్లీ ఆడాడు. అక్కడ డాక్టర్లు గీత పక్కనే ఉంటారు. మన మైదానంలో పిల్లవాడి కంటికి దెబ్బ తగిలితే ముందు వెతకాల్సింది బండినే.

"కావాలని చేయలేదు సార్" అనే మాట గురువులు రోజూ వింటారు. ఆ మాటను నమ్మండి, పిల్లవాణ్ని చెడ్డవాడనకండి. కానీ ఆ రోజుకు ఆట బయట కూర్చోబెట్టండి. సెలవుల్లో టోర్నమెంట్లకు విజిల్ పట్టే మిత్రులారా, మనోడే కదా అని కార్డు జేబులో దాచకండి. పూర్వ విద్యార్థులందరం కలిసి ఈ ఏడాది బడికి ఒక ప్రథమ చికిత్స పెట్టె ఇద్దామని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.