ఎడారి మొక్క నీటి లెక్క – మన మెట్ట సేద్యం
(రైతు శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎడారి మొక్కలు కరువును ఎలా తట్టుకుంటాయన్నది ఈ రోజు మనకిచ్చిన అంశం. శ్రీకాకుళం, విజయనగరం రైతుకి ఎడారితో ఏం పని అని కొందరు అడిగారు. సబబైన ప్రశ్నే. రాజస్థాన్‌లోని జైసల్మేరులో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అనంతపురంలో సుమారు 550 పడుతుంది. మన రెండు జిల్లాల్లో సగటు వెయ్యి దాటుతుంది. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని మన కళ్ళ ముందే సముద్రంలో కలుస్తున్నాయి. అయినా ఆకుమళ్ళు ఎండిపోయిన ఏళ్ళు, ఉభాలు సాగక పనికోసం ఊరు విడిచిన ఏళ్ళు మనందరికీ తెలుసు. మనకు వాన వస్తుంది, కానీ అదును తప్పి వస్తుంది, వచ్చిందీ నిలవదు. వెయ్యి మిల్లీమీటర్లు పడే చోట మనకు నీటికి కటకటగా ఉంటే, 200తో బతికే మొక్క ఏం చేస్తోందో చూడడం మంచిదే కదా.

మొదటి సంగతి, ఊపిరి. ఆకు మీద కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటి గుండానే మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుంది. రంధ్రం తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరై పోతుంది. వరి పగటి పూట, ఎండలో తెరుస్తుంది. నాగజెముడు, కలబంద అలా కాదు. పగలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. రాత్రి పట్టిన వాయువును పులుపు రూపంలో దాచుకుని, మర్నాడు ఎండ రాగానే దానితో తిండి వండుకుంటాయి. రణపాల ఆకుదీ ఇదే తీరు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసిన బెంజమిన్ హెయిన్ అనే వృక్షశాస్త్రవేత్త, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని రాశాడు. ఆ ఉత్తరం 1815లో అచ్చయింది. సీతంపేట కొండల్లో గిరిజన రైతులు పండించే అనాస కూడా రాత్రి ఊపిరి తీసే మొక్కే.

చోడి, గంటె, జొన్నలది మధ్య దారి. ఇవి పగలే తెరుస్తాయి. కానీ పట్టిన వాయువును ఆకు లోపలి గదుల్లోకి చిక్కగా కూరతాయి. అందుకని రంధ్రం ఎక్కువ తెరవక్కర్లేదు. లెక్క చూడండి. కిలో ఎండు పదార్థం తయారవడానికి వరి వంటి మొక్కకు సుమారు 450 నుంచి 950 లీటర్ల నీరు కావాలి. చోడి, గంటెలకు 250 నుంచి 350 లీటర్లు చాలు. అనాస, నాగజెముడు వంటివి 125 లీటర్ల లోపే సరిపెట్టుకుంటాయి. మన పెద్దలకు ఈ లెక్క తెలియకపోయినా గరువుల్లో చోడీ, గంటే వేశారు, పల్లంలో వరి వేశారు.

రెండోది, కాలం. ఎడారిలో కొన్ని గడ్డి మొక్కలు ఒక్క వాన పడగానే మొలిచి, కొద్ది వారాల్లో పూసి, గింజ రాల్చి వెళ్ళిపోతాయి. కరువు వచ్చేసరికి అవి ఉండవు. వరి కోసిన మడిలో మిగిలిన చెమ్మ మీద మనం వేసే పెసర, మినుము చేసేదీ అంతే. పెసరకు 65, 70 రోజులు చాలు.

మూడోది, ఎడం. ఎడారిలో మొక్కకీ మొక్కకీ మధ్య చాలా జాగా ఉంటుంది. ఉన్న చెమ్మకు ఎన్ని వేళ్ళు చాలునో అన్నే బతుకుతాయి. కర్ణాటకలోని హావేరి వైపు రైతులు గుళి పద్ధతిలో చోడి నారును ఎడం ఎడంగా గుంటల్లో నాటుతారు. దుబ్బు బాగా కడుతుంది, విత్తనం తగ్గుతుంది. మన దగ్గర చోడి నారు పోసి నాటే అలవాటు పాతదే కనుక ఇది నేర్చుకోవడం కష్టం కాదు.

నాలుగోది, నిల్వ. నాగజెముడు ఒక్క వాన నీటిని ఒంట్లో దాచి నెలల తరబడి వాడుకుంటుంది. ఊరికి ఆ ఒళ్ళు ఏది? చెరువు, బంద, బీల. పూడిక తీయని చెరువు, ఆక్రమించిన గెడ్డ, విరిగిన మదుము ఉన్న ఊరు ఎంత వానపడినా దాచుకోలేదు. సోంపేట బీలను థర్మల్ ప్లాంటుకు ఇవ్వొద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలిచ్చారు. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో జమ్మిచెట్లు నరకొద్దని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారని చరిత్ర చెబుతోంది. కరువు నేలలో చెట్టు విలువ, నీటి విలువ వాళ్ళకు తెలుసు.

ఇక అసలు మాటకొద్దాం. ఎడారి మొక్కను మెచ్చుకుని చాలామంది అక్కడితో ఆపేస్తారు. "కరువును తట్టుకునే పంటలు వేసుకోండి" అని మనకు చెప్పి వెళ్ళిపోతారు. కానీ నాగజెముడు పొదుపుగా బతుకుతుంది కనుకే నెమ్మదిగా పెరుగుతుంది. నీరు మిగిల్చినందుకు ఎదుగుదల వదులుకుంటుంది. మొక్కకు అప్పులేదు, వడ్డీ లేదు, పిల్లల ఫీజు లేదు. రైతుకు అన్నీ ఉన్నాయి. నీరు మిగిల్చే పంట వేస్తే దిగుబడిలో తగ్గేది ఎవరు భరించాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా సలహా ఇవ్వడం న్యాయం కాదు.

2025-26కి కేంద్రం చోడికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. సాధారణ రకం వరికి 2,369. కాగితం మీద చోడి ధర రెట్టింపు కంటే ఎక్కువ. కళ్ళంలో కొనే వాడు లేకపోతే ఆ అంకెతో కడుపు నిండదు. పక్కనే ఉన్న ఒడిశాను చూడండి. 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, కోరాపుట్ వంటి జిల్లాల్లో చోడిని మద్దతు ధరకు ప్రభుత్వమే కొంటోంది. మన రాష్ట్రంలో 2023 మార్చిలో బడి పిల్లలకు రాగి జావ మొదలుపెట్టారు. ఆ జావలో పిండి మన మెట్టల నుంచి ఎందుకు వెళ్ళకూడదు? విజయనగరం పరిశోధన కేంద్రం చంపావతి, వేగవతి, గోస్తని అని మన నదుల పేర్లతో చోడి రకాలు ఇచ్చింది. విత్తనం మన పేరుతో ఉంది. కొనుగోలు కేంద్రం కూడా మన ఊళ్ళో ఉండాలి.

ఇంకో జాగ్రత్త. చోడి నాగజెముడు కాదు. పిలక వేసేటప్పుడు, వెన్ను తీసేటప్పుడు చెమ్మ లేకపోతే అదీ దెబ్బతింటుంది. అందుకే మెట్టకు కూడా ఒకటి రెండు రక్షక తడులు ఇచ్చే కుంటలు కావాలి.

కాబట్టి గ్రామ కమిటీల ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, తొలకరి లోపు ఊరి చెరువులు, బందలు, గెడ్డల జాబితా రాయాలి. పూడిక, ఆక్రమణ, మదుము పరిస్థితి అందులో ఉండాలి. ఉపాధి హామీ పనుల్లో వాటిని చేర్చమని గ్రామసభలో అడగాలి. రెండు, చోడి, గంటె, సామ వేసేవారి పేర్లు, ఎకరాలు నమోదు చేసి, కొనుగోలు కేంద్రం కోసం మండల అధికారులకు అర్జీ ఇవ్వాలి. మూడు, 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం దొరకని కౌలు రైతుల జాబితా విడిగా రాయాలి. కొనుగోలుకీ, బీమాకీ వాళ్ళు దూరమైతే మెట్ట సేద్యం నిలబడదు.

ఈ మూడు జాబితాలూ చేతిలో ఉంటే మనం అధికారి ముందు లెక్కతో మాట్లాడగలం. వచ్చే సమావేశానికి వాటిని తీసుకురండి.